కలెక్టరు: ఒక ఆంగ్లపదానికి తెలుగులో ఏర్పడిన అర్థచరిత్ర

అన్యదేశ్యాలను పరిశీలించేటప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలు వేసుకుంటాం. పదం ఏ భాష నుంచి వచ్చింది? ఏ ధ్వనిమార్పు పొందింది? వచ్చిన పదం ఇక్కడి జనజీవితంలో ఏ అర్థాన్ని సంపాదించుకుంది అనే మూడో ప్రశ్న కూడా అంతే ముఖ్యం. ‘కలెక్టరు’ అనే పదాన్ని ఆధారంగా చేసుకొని ఆ మూడో ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాలకులకూ పాలితులకూ మధ్య ఉన్న సంబంధం ఒక పదంలో ఎలా నిక్షిప్తమవుతుందో ఈ పదచరిత్ర చూపుతుంది.

లాటిన్‌లో ‘ఒకచోట చేర్చు’ అనే అర్థమిచ్చే ధాతువు నుంచి ఈ మాట ఆంగ్లంలోకి చేరింది. అక్కడ నాణేలను, చిత్రాలను సేకరించేవాడూ కలెక్టరే, పన్ను వసూలు చేసేవాడూ కలెక్టరే. ఈస్టిండియా కంపెనీ రెండో అర్థాన్ని ఉద్యోగనామంగా స్వీకరించింది. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాలులో జిల్లాల శిస్తు వ్యవహారాలు చూసే కంపెనీ ఉద్యోగులకు ఈ పేరు పెట్టాడు. ఉత్తర సర్కారులలో 1794లో పాత పాలక మండళ్లను రద్దుచేసి కలెక్టర్లను నియమించారు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరయ్యాడు. ఆ దశలో ఈ పదం ఉద్యోగి చేసే పనిని ఉన్నదున్నట్లు చెప్పింది. కలెక్టరు అంటే శిస్తు వసూలు చేసేవాడు.

అర్థం మారడానికి మొదటి కారణం అధికార విస్తరణ. 1816 నాటి మద్రాసు నిబంధనలు మేజిస్ట్రేటు అధికారాన్ని, పోలీసు వ్యవస్థ మీద అజమాయిషీని జిల్లా జడ్జీల నుంచి కలెక్టర్లకు బదిలీ చేశాయి. శిస్తు కట్టించుకొనేవాడే శిక్ష వేయగలవాడూ అయ్యాడు. గ్రామీణ ప్రజలకు ఆంగ్లపదపు వ్యుత్పత్తితో పనిలేదు. వారు చూసింది అధికారాన్ని, పదానికి ఇచ్చుకున్న అర్థమూ అదే. జమాబందీకి గ్రామాలకు వచ్చే ‘కలెక్టరు దొర’ వారికి సర్కారు స్వరూపం. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప వంటి పేర్లు పెట్టుకున్నారన్న ప్రసిద్ధి ఆ గౌరవానికీ భయానికీ కూడా సాక్ష్యమే.

ఇక్కడ ఒక పోలిక గమనించదగినది. ‘తహశీల్’ అనే అరబీ మాటకు వసూలు అని అర్థం. దానికి పారశీక ప్రత్యయం ‘దారు’ చేరగా తహశీల్దారు ఏర్పడింది. వ్యుత్పత్తిని బట్టి చూస్తే తహశీల్దారుకూ కలెక్టరుకూ తేడా లేదు. ఇద్దరూ వసూలు చేసేవారే. కాని వ్యవహారంలో ఒకరు తాలూకాకు పరిమితమైన అధికారి, మరొకరు ఆయనపై అధికారి. ఈ హెచ్చుతగ్గులు పదాల అర్థం నుంచి పుట్టినవి కావు. పాత పాలకుల భాష కింది మెట్టు మీద మిగిలింది, కొత్త పాలకుల భాష పై మెట్టు ఎక్కింది. ‘జిల్లా కలెక్టరు కార్యాలయం’ అనే పదబంధంలో అరబీ, ఆంగ్ల, సంస్కృత పదాలు మూడూ పక్కపక్కన నిలిచాయి. ఆ ఫలకం మీద మూడు కాలాల పాలనాభాషలను చదవవచ్చు.

ఈ చరిత్ర తెలుగునాడంతటా ఒకేలా లేదు. నిజాం రాజ్యంలో 1865లో మొదటి సాలార్‌జంగ్ ప్రవేశపెట్టిన జిలాబందీలో జిల్లా పాలకుని పేరు అవ్వల్ తాలూక్‌దారు. తెలంగాణ జిల్లాలలో కలెక్టరు అనే హోదానామం స్థిరపడింది 1948 తరువాతే. కంపెనీ వసూళ్ల జ్ఞాపకం లేని నేలకు ఈ పదం అప్పటికే ‘జిల్లా అధిపతి’ అనే అర్థంతో వచ్చింది. అందువల్ల కోస్తా, రాయలసీమలలో క్రమంగా జరిగిన అర్థపరిణామపు ఫలితం తెలంగాణకు సిద్ధరూపంలో అందిందని చెప్పవచ్చు.

రూపపరంగా ఈ పదం పూర్తిగా తెలుగైపోయింది. ఉకారం చేరి అజంతమైంది. ‘కలెక్టరాఫీసు’లో రెండు ఆంగ్లపదాల మధ్య తెలుగు ఉకారసంధి జరిగింది. మహిళా అధికారిని జనం ‘కలెక్టరమ్మ’ అన్నారు. 1972 నాటి ‘కలెక్టర్ జానకి’ చిత్రం పేరులోనే ఈ హోదా ఒక స్త్రీ పేరు పక్కన చేరింది. అర్థపరంగా మాత్రం ఒక చీలిక కనిపిస్తుంది. బిల్ కలెక్టరు, టికెట్ కలెక్టరు అనే సమాసాలలో వసూలు అనే మూలార్థం నిలిచి ఉంది. విశేషణం లేకుండా ఒంటరిగా వాడిన ‘కలెక్టరు’లో అది లుప్తమైంది. తపాలా బిళ్లలు సేకరించేవారిని తెలుగులో వట్టి కలెక్టరు అంటే వినేవారు తప్పక పొరబడతారు. ఇది ఒకవైపు అర్థసంకోచం, మరోవైపు అర్థోత్కర్ష.

నిత్యవ్యవహారంలో ఈ పదం హోదాను దాటి కొలమానంగా మారింది. ‘చదువుకుంటే కలెక్టరవుతావు’ అనే మాట ఆశను చెబుతుంది. ‘నువ్వేమన్నా కలెక్టరువా?’ అనే మాట అదే ఎత్తును చూపి ఎదుటివాడి స్థాయిని గుర్తుచేస్తుంది. ‘వాడిదేమైనా కలెక్టరు ఉద్యోగమా?’ అనేది నిరసన. ఆశ, ఎత్తిపొడుపు, నిరసన మూడింటికీ ఆధారం ఒకటే: సామాన్యునికి ఊహకందే అత్యున్నత అధికారం ఇదేనన్న భావన. కూలి ఇంటి బిడ్డ పోటీపరీక్ష ద్వారా ఆ స్థానానికి చేరగల అవకాశం ఏర్పడిన తరువాతనే మొదటి వాక్యానికి బలం వచ్చింది. దొర అనే మాటతో జంటకట్టిన పదం తల్లిదండ్రుల ఆకాంక్షగా మారడం స్వాతంత్ర్యానంతర సామాజిక మార్పుకు భాషలోని గుర్తు.

అయితే మార్పు సంపూర్ణం కాదు. కలెక్టరాఫీసుల్లో సోమవారం అర్జీలు స్వీకరించే పద్ధతి రెండు రాష్ట్రాలలోనూ ఉంది. తెలంగాణలో దాని పేరు ప్రజావాణి. పింఛను కోసమో పట్టా కోసమో వరుసలో నిలుచున్నవారికి కలెక్టరు అంటే తీసుకొనేవాడు కాదు, ఇప్పించేవాడు. అర్థం మూలానికి ఎదురుదిశకు చేరింది. కాని ఆ అర్జీల్లో ఇప్పటికీ ‘కలెక్టరు గారి దివ్యసముఖమునకు’ అనే సంబోధన కనిపిస్తుంది. దేవునికీ రాజుకూ చెల్లిన మాటను పౌరుడు ఒక ఉద్యోగికి వాడుతున్నాడు. ఆ ఉద్యోగి జీతం తన పన్నుల నుంచే వస్తుందన్న ఎరుక ఆ వాక్యంలో లేదు.

తమిళులు ఈ హోదాకు ‘ఆట్చియర్’ అనే దేశ్యపదాన్ని స్థిరపరచుకున్నారు. తెలుగులో ‘జిల్లా పాలనాధికారి’ అనే మాట పత్రికల్లో అప్పుడప్పుడు కనిపించినా వ్యవహారంలో నిలవలేదు. ఎమ్మార్వో స్థానంలో ప్రభుత్వం తహశీల్దారు అనే పేరును తిరిగి తెచ్చినా జనం నోట ఎమ్మార్వో పోలేదు. ఉత్తర్వు వల్ల ఫలకం మారుతుంది కాని నాలుక మారదని ఈ అనుభవం చెబుతోంది. కనుక కలెక్టరుకు అనువాదం వెతకడం కంటే ఆ పదం చుట్టూ అల్లుకొన్న సంబోధనలను సంస్కరించుకోవడం ముఖ్యమని ఈ పరిశీలన సూచిస్తోంది. ‘దివ్యసముఖమునకు’ బదులు ‘కలెక్టరు గారికి’ అని రాస్తే మర్యాదకు లోటు రాదు. తన హక్కును అడుగుతున్న పౌరుని భాష అది.