టెలివిజన్ సంస్థల సంఘము

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు దాటి విజయవాడ మార్గమున సాగినచో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చును. 1995 ఆగస్టు 27న ఆరంభమైన ఈటీవీకి అది నిలయమయ్యెను. హైదరాబాదులో దూరదర్శన్ 1977లోనే ప్రారంభమయినది. అయినను అది ప్రభుత్వ ప్రసారము.

1991లో గల్ఫు యుద్ధవార్తలతో కేబులు తీగ మన ఇండ్లకు ప్రాకినది. 1995 నాటి చట్టము దానికి హద్దులేర్పరచెను. 2025 ఆరంభము వరకు కేబులు నడుపువారు ప్రధాన తపాలా కార్యాలయమున పేరు నమోదు చేసికొనవలసియుండెను. ఇందులో వింతలేదు, రేడియో లైసెన్సు రుసుమును మన పెద్దలు చెల్లించినదియు తపాలా కార్యాలయముననే గదా!

ఛానళ్లు పెరిగిన కొలది చిక్కులును పెరిగెను. ప్రకటనల సొమ్ము సకాలమున చేతికి రాదు. ఒంటరిగా అడిగిన సంస్థ తరువాతి ప్రకటనను పోగొట్టుకొనును. పోటీదారులే ఏకమై 1999లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ ఫౌండేషన్‌ను స్థాపించిరి. ప్రభుత్వముతో సంప్రదింపులును దాని పనియే.

ఏ కార్యక్రమమును ఎందరు చూచిరన్నది మరియొక వివాదము. ప్రకటనల వెల ఆ లెక్కపైననే ఆధారపడియుండును. ప్రకటనకర్తలతోను, ప్రకటన ఏజెన్సీలతోను కలిసి ఈ సంఘము 2010లో ‘బార్క్’ సంస్థను నెలకొల్పెను. 2015 నుండి దాని లెక్కలు వెలువడుచున్నవి. ప్రసారధ్వనిలో చెవికి వినబడని గుర్తును కలుపుదురు. ఎంపికచేసిన ఇండ్లలోని మీటరు దానిని పట్టును. బొమ్మను చూచినవారిని శబ్దముతో లెక్కించుట రేడియోవారికి ముచ్చట గొలుపును.

ఇవి రెండును వ్యాపారులకు వలసినవి. ప్రేక్షకునకు వలసినది మూడవది. వినోద కార్యక్రమములపై ఫిర్యాదులు వినుటకు 2011లో విశ్రాంత న్యాయమూర్తి ఎ.పి. షా అధ్యక్షతన ఒక మండలి ఏర్పడెను. వార్తాసంస్థలు వేరే సంఘము కట్టి, 2008లోనే జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన అట్టిదానినే ఏర్పరచుకొనియుండెను. తమ తప్పును తామే విచారించుకొను పద్ధతిని శంకించువారు కలరు. ఆ శంక నిరాధారము కాదు. ఏలయన సంఘము శాసనము దాని సభ్యులకే చెల్లును. అయినను కార్యక్రమముల మంచిచెడ్డలను అధికారులే నిర్ణయించుటకంటె ఇది మేలని నా అభిప్రాయము.

2021లో సంఘము తన పేరున ‘డిజిటల్’ అను మాటను చేర్చుకొనెను. ఆ యేటనే ఫిర్యాదు మార్గమునకు ప్రభుత్వ నియమములు వచ్చినవి. ప్రేక్షకుడు ముందుగా ఛానలుకే వ్రాయవలెను. వారు పదునైదు దినములలో నిర్ణయము తెలుపవలెను. అది తృప్తికరము కానిచో మరి పదునైదు దినములలోగా ఆ ఛానలు చేరియున్న సంఘపు మండలికి విన్నవించుకొనవచ్చును.