పక్క రాష్ట్రం టికెట్టు ఇంటిదాకా ఎలా వస్తుంది?

అమెరికాలో మనవాళ్ళు నలుగురు కూడిన చోట, ఎవరికో వేరే రాష్ట్రంలో స్పీడింగ్ టికెట్టు పడిందన్న మాటొస్తే రెండు సలహాలు ఖాయం. "పక్క రాష్ట్రంది మన రికార్డులోకి రాదులే, చెక్కు పంపేసి మర్చిపో" అన్నది ఒకటి. "వామ్మో, ఇన్సూరెన్సు వాచిపోతుంది, లాయర్ని పెట్టుకో" అన్నది రెండోది. రెండూ సగం సగం నిజాలే. ఈ గందరగోళం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తవ్వితే నాకర్థమైందేమిటంటే, జరిమానా వేసేది ఒకరు, రికార్డు రాసేది ఇంకొకరు, ఆ రికార్డు చదివి ప్రీమియం పెంచేది మూడోవారు. ఈ మూడూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాలకి పుట్టాయి. మొత్తాన్ని కలిపి ఎవరూ డిజైన్ చెయ్యలేదు.

కార్ల వేగానికి రాష్ట్రస్థాయిలో మొదటి చట్టం చేసింది కనెక్టికట్, 1901లో. ఊళ్ళో గంటకి 12 మైళ్ళు, బయట 15. తర్వాత కార్లు సరిహద్దులు దాటడం మొదలయ్యాక అసలు ప్రశ్న వచ్చింది: బయటివాడి మీద మన చట్టం చెల్లుతుందా? చెల్లుతుందని 1915లో హెండ్రిక్ వర్సెస్ మేరీల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1927లో హెస్ వర్సెస్ పావ్‌లోస్కీ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. మసాచుసెట్స్‌లో యాక్సిడెంట్ చేసిన పెన్సిల్వేనియా వాసి మీద మసాచుసెట్స్‌లోనే దావా వెయ్యొచ్చు, ఆ రాష్ట్రపు రోడ్డెక్కడమే అందుకు ఒప్పుకున్నట్టు లెక్క అంది.

అధికారమైతే వచ్చింది గానీ, మనిషి సరిహద్దు దాటి ఇంటికి చేరితే చేసేదేం లేదు. అందుకే బయటి ప్లేటు కనపడితే అక్కడికక్కడే బాండు కట్టించుకోవడమో, జడ్జి దగ్గరికి పట్టుకెళ్ళడమో చేసేవాళ్ళు. ఇంకోపక్క, ఒక రాష్ట్రంలో లైసెన్సు పోగొట్టుకున్నవాడు పక్క రాష్ట్రంలో ఇంకోటి తీసుకుని దర్జాగా తిరిగేవాడు. 1956లో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం వచ్చాక ఈ తలనొప్పి ఇంకా పెరిగింది.

రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలు తమలో తాము ఒప్పందాలు చేసుకోవాలంటే కాంగ్రెస్ అనుమతి కావాలి. ట్రాఫిక్ భద్రత వరకూ ఆ అనుమతి 1958లో వచ్చింది. దాని మీద పుట్టిందే డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్. 1961లో మొదట చేరింది నెవాడా. ఇప్పుడు జార్జియా, విస్కాన్సిన్ లాంటి కొన్ని తప్ప దాదాపు అందరూ ఉన్నారు. నినాదం: ఒక డ్రైవరు, ఒక లైసెన్సు, ఒక రికార్డు.

తిరకాసంతా ఈ ఒప్పందం షరతుల్లోనే ఉంది. తాగి నడపడం, వాహనంతో మనిషి ప్రాణం తియ్యడం, గుద్ది పారిపోవడం, కారు వాడి ఘోర నేరం చెయ్యడం: ఈ నాలుగింటినీ సొంత రాష్ట్రంలో జరిగినట్టే చూడాలి. మిగతా వాటిని మాత్రం ఎవరి చట్టం ప్రకారం వాళ్ళు చూసుకోవచ్చు. ఫలితం చూడండి. పెన్సిల్వేనియాలో పడ్డ ఒకే స్పీడింగ్ టికెట్టుకి, హడ్సన్ నదికి ఇటు న్యూజెర్సీ లైసెన్సుంటే రెండు పాయింట్లు. అటు న్యూయార్క్ లైసెన్సుంటే సున్నా. అదే న్యూయార్క్ లైసెన్సుతో కెనడా వెళ్ళి ఒంటారియోలోనో క్విబెక్‌లోనో పట్టుబడితే పాయింట్లు పడతాయి! పక్క రాష్ట్రం టికెట్టు లెక్కలోకి రాదుగానీ పక్క దేశానిది వస్తుంది. "మా ఫ్రెండుకి ఏం కాలేదు" అన్న సలహా మీకు పనికిరానిది ఇందుకే. వాడి లైసెన్సు ఏ రాష్ట్రందో ముందు అడగాలి.

ఇక ఇన్సూరెన్సు. 1927 నుంచి కారు ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది మసాచుసెట్స్. 1945లో మెకారన్-ఫెర్గూసన్ చట్టం ఇన్సూరెన్సు నియంత్రణని రాష్ట్రాలకే వదిలేసింది. అంచేత ఇక్కడా ఎవరి గోల వాళ్ళదే. కాలిఫోర్నియాలో 1988 నాటి ప్రపోజిషన్ 103 ప్రకారం ప్రీమియం లెక్కలో మొదటి స్థానం డ్రైవింగ్ రికార్డుదే. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, డీఎంవీ పాయింట్లు మీ లైసెన్సు ఉంచాలా తియ్యాలా అన్నదానికి. ఇన్సూరెన్సు కంపెనీ చూసేది రికార్డులో ఉన్న కన్విక్షన్‌ని, దానికి లెక్క వేరే. పాయింట్లు పడలేదు కదా అని ప్రీమియం పెరగదనుకోవడం తప్పు.

ఆ కన్విక్షన్ ఎక్కడ పుడుతుంది? కోర్టు బోనులోనే పుట్టనక్కర్లేదు. చాలా చోట్ల పోస్టులో జరిమానా పంపడమంటే నేరం ఒప్పుకున్నట్టే. కట్టిన బాండు వదులుకుని వెళ్ళిపోయినా కన్విక్షన్ కిందే జమ అని కాంపాక్ట్ రాతే ఉంది. మనం "కట్టేశాను, అయిపోయింది" అనుకునే చోటే అసలు కథ మొదలవుతుంది.

అసలు కట్టకుండా వదిలేస్తే? 1977 నాటి నాన్‌రెసిడెంట్ వయలేటర్ కాంపాక్ట్ దీనికోసమే. బాండు బెడద పోయింది, సంతకం పెట్టి వెళ్ళిపోవచ్చు. బదులుగా, టికెట్టుకి స్పందించకపోతే సొంత రాష్ట్రమే లైసెన్సు సస్పెండ్ చేస్తుంది. కాలిఫోర్నియా, ఆరెగాన్ లాంటివి ఇందులో లేవు. పార్కింగ్ టికెట్లూ దీని కిందికి రావు.

1960లో పెట్టిన నేషనల్ డ్రైవర్ రిజిస్టర్ కథ మనలాంటి వాళ్ళకి భలే నచ్చుతుంది. 1982 చట్టంతో దాన్ని పాయింటర్ పద్ధతికి మార్చారు. రికార్డు మొత్తం కాపీ చెయ్యరు. పేరు, పుట్టినతేదీ, లైసెన్సు నంబరు లాంటి వివరాలతో పాటు ఏ రాష్ట్రంలో రికార్డుందో చూపించే పాయింటర్ మాత్రం ఉంటుంది. సస్పెండైన వాళ్ళూ, పెద్ద నేరాల్లో దోషులూ అందులో ఉంటారు. కొత్త రాష్ట్రంలో లైసెన్సుకెళ్తే ముందు అక్కడ వెతుకుతారు.

మనవాళ్ళకి అసలు ప్రమాదం ఇక్కడే అని నా అభిప్రాయం. ప్రాజెక్టు మారి ఊరు మారినవాడికి సస్పెన్షన్ నోటీసు పాత అపార్ట్‌మెంటుకి పోతుంది. తెలియక నడుపుతూ పట్టుబడితే, చాలా రాష్ట్రాల్లో అది క్రిమినల్ నేరం. అరెస్టయ్యారా అని వీసా ఫారంలో అడుగుతారు. వంద, నూట యాభై డాలర్ల టికెట్టు స్టాంపింగ్ దాకా వెంటపడొచ్చన్నమాట.

అందుకే చెక్కు రాసేముందు మూడు పనులు చెయ్యండి. మీ లైసెన్సు రాష్ట్రం బయటి టికెట్లని ఎలా చూస్తుందో దాని డీఎంవీ సైట్లో చదవండి. టికెట్టు ఇచ్చిన కోర్టుకి ఫోన్ చేసి, ట్రాఫిక్ స్కూలుకెళ్తేనో, చిన్న అభియోగానికి తగ్గిస్తేనో కన్విక్షన్ తప్పుతుందా అని అడగండి. ఇల్లు మారితే డీఎంవీలో అడ్రసు వెంటనే మార్చండి. టికెట్టు మీద రాసుండేది జరిమానా ఒక్కటే, మిగతా ఖర్చు ఎంతో మనమే కనుక్కోవాలి.