ముట్టుకోకుండా జ్వరం చూసిన కథ

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో టర్బైన్‌కు వెళ్లే ఆవిరి వేడి దాదాపు 540 డిగ్రీలు. దాన్ని కొలిచేది థర్మోకపుల్. రెండు రకాల లోహపు తీగల కొసలు కలిపి, ఆ ముడికి వేడి తగిలిస్తే పిసరంత వోల్టేజీ పుడుతుంది. 1821లో శాస్త్రవేత్త సీబెక్ కంటబడిన విద్య ఇది. అంకె మీద అనుమానమొస్తే థర్మోకపుల్‌ను బయటికి తీసి సరిచూసుకోవచ్చు.

ఫ్యూజన్ యంత్రంలో ఆ వెసులుబాటు లేదు. అందులో ఉండేది ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడెక్కిన వాయువు. కోటి డిగ్రీల ప్లాస్మాలో తీగ పెడితే తీగా మిగలదు, ప్లాస్మా కూడా చల్లారిపోతుంది. ముట్టకుండా చూడాలి. జనగామలోనైనా మానుకోటలోనైనా కమ్మరి చేసేది అదే కదా! కొలిమిలోని కర్రు రంగు చూసి సుత్తె ఎత్తుతాడు. నక్షత్రాలకూ అదే దారి: వాటి వెలుగును రంగులుగా విడదీస్తే కనబడే గీతలను బట్టి వేడి చెప్పే సమీకరణాన్ని 1920లో మన శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా ఇచ్చాడు.

అయితే వెలుగు కూడా మోసం చేస్తుంది. 1958 జనవరిలో బ్రిటన్‌లోని హార్వెల్ శాస్త్రవేత్తలు తమ జీటా ఫ్యూజన్ యంత్రంలో వేడి 50 లక్షల డిగ్రీలకు చేరిందన్నారు. అందులోంచి వచ్చిన న్యూట్రాన్లు ఆ వేడికి జరిగిన ఫ్యూజన్‌వేనని 90 శాతం నమ్మకమని హార్వెల్ అధిపతి కాక్‌క్రాఫ్ట్ పత్రికలవాళ్లకు చెప్పాడు. వేడిని కొలిచిన తీరు ఇదీ: ప్లాస్మాలోని అయాన్లు (ఎలక్ట్రాన్లు ఊడిన పరమాణువులు) ఎంత జోరుగా అటూఇటూ పరుగెడితే, వాటి వెలుగు గీత అంత వెడల్పవుతుంది. కానీ ప్లాస్మా గుంపులు గుంపులుగా సుడులు తిరిగినా గీత వెడల్పవుతుంది. అది వేడి కాదు, తోపులాట. న్యూట్రాన్లు కూడా విద్యుత్ క్షేత్రం విసిరికొట్టిన కొద్దిపాటి అయాన్ల పుణ్యమే. మే నెలకల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

చేయి కాలినవాళ్లు కదా, 1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో రష్యా శాస్త్రవేత్త ఆర్ట్సిమోవిచ్ టోకమాక్ రకం ఫ్యూజన్ యంత్రమైన తమ టీ-3లో ఎలక్ట్రాన్ల వేడి కోటి డిగ్రీలన్నా ఎవరూ ఒక పట్టాన నమ్మలేదు. ఆయన లెక్క ప్లాస్మా చుట్టూ చుట్టిన తీగచుట్టల నుంచి వచ్చింది. దారితప్పి దూసుకుపోయే కొన్ని ఎలక్ట్రాన్లు చాలు, అంకెను పెంచి చూపడానికి. ఆర్ట్సిమోవిచ్ వాదనకు దిగలేదు. మీరే వచ్చి కొలవండన్నాడు, అదీ ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజుల్లో! బ్రిటన్‌లోని కల్‌హామ్ బృందం టన్నులకొద్దీ సామానుతో 1969లో మాస్కో చేరింది.

వాళ్ల పనిముట్టు రూబీ లేజర్. ఒకే ఒక్క ఎరుపు రంగు కాంతిని ప్లాస్మాలోకి కొడతారు. ఎదురొచ్చే ఎలక్ట్రాన్‌ను తాకి చెదిరిన కాంతి నీలం వైపు జరుగుతుంది, దూరంగా పోయేదాన్ని తాకితే మరింత ఎరుపు వైపు. ఒక్క రంగు ఎంత మేర పరుచుకుందో చూస్తే వేడి తెలుస్తుంది. కోట్ల కాంతికణాల్లో ఏ ఒక్కటో చెదురుతుంది, దాన్ని ప్లాస్మా సొంత వెలుగులోంచి ఏరాలి. (చెదిరే కాంతి మనకు కొత్త కాదు. రామన్ దగ్గర పనిచేసిన మన సూరి భగవంతం వాల్తేరులో ఉండగా 1940లో దాని మీద ఏకంగా పుస్తకమే రాశారు.)

ఆర్ట్సిమోవిచ్ చెప్పింది నిజమేనని తేలింది. నవంబరులో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో ప్రిన్స్‌టన్ వాళ్లు స్టెల్లరేటర్ అనే తమ వేరే రకం ఫ్యూజన్ యంత్రాన్ని టోకమాక్‌గా మార్చేశారు. పోటీదారు కొలతపరికరమే రష్యన్లకు సాక్షి అయింది.

లేజర్‌ది మాత్రం తిరుగులేని మాటా? తర్వాత వచ్చిన టోకమాక్‌లలో, ప్రిన్స్‌టన్‌లోని టీఎఫ్‌టీఆర్‌లో, బ్రిటన్‌లోని జెట్‌లో, వేడి బాగా పెంచినప్పుడు లేజర్ ఒక అంకె చెప్పింది, ఎలక్ట్రాన్లు వెదజల్లే మైక్రోవేవ్‌లను పట్టే పరికరం ఇంకొకటి చెప్పింది. తేడా ఒక్కోసారి 20 శాతం దాకా వచ్చింది. ఎలక్ట్రాన్ల వేగాలు ఒక పద్ధతి ప్రకారం పంపిణీ అయి ఉంటాయన్నది రెండు పరికరాల లెక్కకూ ఆధారం. ఆ ఆధారమే సరిగా లేదేమోనని అనుమానం.