సీతమ్మ కథ పేపరెక్కింది

1991కి ముందు దూబగుంట పేరు చుట్టుపక్కల ఊళ్ళు దాటి వినబడింది లేదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో అదొక ఊరు, అంతే. ఆ ఏడాది జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడిలో పలక పట్టారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ ఒకటుంది. తాగుడు వల్ల కాపురం కూలిన ఆడమనిషి కథ. కూడబలుక్కుంటూ చదివినవాళ్ళకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇంటి సంగతిలాగే ఉంది.

అనిపించదూ మరి! వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చిన రోజులవి. తాగునీళ్ళు అందని పల్లెకు కూడా సారా బండి తప్పకుండా వచ్చేది. 1970-71లో 39 కోట్లున్న రాష్ట్ర ఎక్సైజ్ రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. అందులో ఎక్కువ పాలు కూలి డబ్బే.

వర్ధినేని రోశమ్మ ముందు నడవగా దూబగుంట ఆడవాళ్ళు సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. అంగడి మూతపడింది. అక్షరాస్యత కార్యకర్తలు ఆ కథను మరో పాఠంగా రాశారు, పేరు ‘ఆడవాళ్ళు ఏకమైతే’. ఒక పాఠం ఒక ఊరిని కదిలిస్తే, ఆ ఊరే పక్క ఊళ్ళకు పాఠమైంది. పత్రికలు రాకముందే పని చేసిన ప్రచార సాధనం ఈ చిన్న వాచకం. ఈ సంగతి మనవాళ్ళు చప్పున మరిచిపోతారు.

1992 వర్షాకాలానికి గొడవ సారా వేలంపాటల దాకా వచ్చింది. నెల్లూరులో పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నారు. వాయిదా మీద వాయిదా పడింది. ఈనాడు రంగంలోకి దిగింది అప్పుడే. 1989లోనే ఆ పత్రిక జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టింది. పాత రోజుల్లో అయితే పల్లె వార్త రాష్ట్రం పేజీలో ఒక మూల రెండు లైన్లకు నోచుకుంటే గొప్ప. జిల్లా పేజీలొచ్చాక ఏ ఊళ్ళో అంగడి మూయించారో, ఎక్కడ ప్యాకెట్లు తగలబెట్టారో పేర్లతో, ఫొటోలతో రోజూ అచ్చయింది. ఉద్యమానికి ప్రత్యేకంగా చోటు కేటాయించారు. టీ బంకు దగ్గర ఒకరు పైకి చదివితే పదిమంది వినే కాలమది. ‘ఆ ఊరోళ్ళు చేస్తే మనం చెయ్యలేమా’ అన్న పౌరుషం పుట్టించడానికి అంతకన్నా ఏం కావాలి?

అందుకని ఉద్యమాన్ని పత్రికే పుట్టించిందనడం నేనొప్పుకోను. బండికి అడ్డం నిలబడ్డది విలేకరి కాదు. పత్రిక చేసింది వేరు: ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒంటరిగా చేస్తున్న పనిని అందరి పనిగా చూపించింది, హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు చూడనట్టు నటించే వీలు లేకుండా చేసింది. పోనీ, అందులో వ్యాపారం లేదా? పోటీ పత్రిక ఉదయం అప్పటికి మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతిలో ఉంది. పత్రికల మధ్య పోటీని ఈ ప్రచారంలో చూసినవాళ్ళు లేకపోలేదు. ఉండనీండి. ఎవరి లెక్క ఏదైనా, రాత్రి దెబ్బలు తిన్న ఆడమనిషి పొద్దున్నే తన ఊరి పేరు అచ్చులో చూసుకుంది.

ఆ తర్వాత పరిగెత్తింది రాజకీయమే. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చారు. 294 స్థానాల్లో 216 తెలుగుదేశానికి వచ్చాయి. ప్రమాణ స్వీకారం నాడే ఆయన ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. వారుణి వాహిని తెచ్చిన కాలంలో కూడా ముఖ్యమంత్రి ఆయనే కావడం ఈ కథలో చేదు చమత్కారం.

1995 జనవరి 16న మొదలైన సంపూర్ణ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు. ఖజానా కటకటలాడుతోందని 1997లో ఎత్తేశారు. బ్రాందీ, విస్కీ తిరిగొచ్చాయి. దూబగుంట ఆడవాళ్ళు మూయించిన సారా అంగళ్ళకు మాత్రం మళ్ళీ లైసెన్సులు ఇవ్వలేదు.