కౌలు అంటే ఇచ్చిన మాట

బ్యాంకులో, రిజిస్ట్రార్ ఆఫీసులో, కోర్టులో మనం వినే మాటల్లో చాలా వాటికి మూలం అరబ్బీ, ఫార్సీ భాషలే. అసలు రైతు అనే మాటే అరబ్బీ 'రయ్యత్' నుంచి వచ్చింది. పాలకుడి రక్షణలో ఉండే ప్రజ అని దాని అర్థం. 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీలు చాలా ఫర్మానాలను ఫార్సీతో పాటు తెలుగులోనూ రాయించారు. ఆ దఫ్తర్ల మాటలు కరణాల నోట పడి పల్లెలకు చేరాయి. కంపెనీ దొరలకు ఇవి అర్థం కాకపోతే పని జరగదు కాబట్టి సి.పి. బ్రౌన్ 1852లో జిల్లా నిఘంటువు వేశాడు. 1855లో విల్సన్ న్యాయ, రెవెన్యూ పదకోశం లండన్‌లో అచ్చయింది. దొరల కోసం నిఘంటువులు వచ్చాయి గానీ వేలిముద్ర వేసే రైతుకు ఆ మాటల మతలబు చెప్పినవాళ్లు తక్కువ.

జమీను, జామీను ఒకటే అనుకునేవాళ్లున్నారు. ఉర్దూలో రెండిటి స్పెల్లింగూ వేరు, అర్థమూ వేరు. జమీన్ అంటే నేల. జామిన్ అంటే పూచీ పడినవాడు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో జామీనుదారుకీ అంతే ఉంటుంది. "ఊరికే సాక్షి సంతకమే" అని ఎవరైనా కాగితం చాపితే, అది సాక్షి సంతకమా, జామీను సంతకమా అని అడగండి.

ఉర్దూలో తన్‌ఖ్వా అంటే జీతం. మొగలుల జమానాలో జీతానికి బదులు ఒక ప్రాంతపు శిస్తు వసూలు చేసుకొనే హక్కు రాసిచ్చేవారు. అదే మాట తెలుగులో తనఖా అయి, అప్పుకు ఆస్తిని హామీ పెట్టడం అనే అర్థంలో స్థిరపడింది. తనఖా అంటే అమ్మకం కాదు. బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకొనే హక్కు 1882 ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. అప్పిచ్చేవాడు తనఖా బదులు క్రయ దస్తావేజు రాయమంటే మాత్రం జాగ్రత్త పడాలి.

వాయిదా కూడా ఇలాంటిదే. వాదా అంటే వాగ్దానం. ఫలానా రోజుకు కడతాననే మాటే గడువుగా మారింది.

ఇక కౌలు. అరబ్బీలో ఖౌల్ అంటే పలుకు, ఇచ్చిన మాట. బీడు భూమిని సాగులోకి తెచ్చేవాడికి మొదటి ఏళ్లలో తక్కువ శిస్తు తీసుకుంటామని పాలకుడు కౌల్‌నామా రాసిచ్చేవాడు. 1639లో చెన్నపట్నం కోట కోసం దామర్ల నాయకులు కంపెనీకి ఇచ్చిన పత్రాన్నీ ఇంగ్లీషు రికార్డుల్లో కౌలు అనే రాశారు. అంటే కౌలు ఉత్త నోటిమాట కాదు, రాసి ఇచ్చిన మాట.

ఈనాడు కౌలుదారుల్లో ఎందరి చేతిలోనో ఏ కాగితమూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని చాలామంది యజమానులు సంతకం పెట్టరు. కాగితం లేకపోతే పంట రుణమూ, నష్టపరిహారమూ సాగు చేసినవాడికి అందడం కష్టం.

ఈ మాటలు తీసేసి సంస్కృత పదాలో, ఇంగ్లీషు పదాలో పెడితే సామాన్యుడికి ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. ఇవి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. చేయాల్సింది వాటి అర్థం చెప్పడం. ఈ ఒప్పందం వల్ల యజమాని హక్కుకు భంగం రాదని, కౌలుదారు చేతికి కాగితం రావాలని ప్రతి తహసీల్దారు ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాలి.