తీగ ఎప్పుడు పిలిచినట్టు?

కె.కోటపాడు చెరకు తోటలో నీళ్ల ట్యాంకుకు చిన్న లినక్స్ బోర్డు బిగించారనుకుందాం. ట్యాంకు నిండగానే ఫ్లోట్ స్విచ్ పైకి లేస్తుంది, బోర్డు పిన్ మీద వోల్టేజీ మారుతుంది, మోటారు ఆగుతుంది. ఆ మార్పును ఇంత తేలిగ్గా పట్టుకోవడం వెనక దాదాపు యాభై ఏళ్ల శ్రమ ఉంది.

1950ల చివర్లో నెదర్లాండ్స్‌లో ఎక్స్1 కంప్యూటర్ తయారవుతోంది. ప్రాసెసర్ ప్రతి పరికరాన్నీ పదేపదే అడగడమెందుకు, పని పడ్డప్పుడు పరికరమే పిలవాలన్నారు దాని రూపకర్తలు లూప్‌స్ట్రా, స్కోల్టెన్. అదే ఇంటరప్ట్. దానికి ప్రోగ్రాములు రాయాల్సిన డైక్‌స్ట్రా హడలిపోయాడు. పిలుపు ఏ క్షణాన వస్తుందో తెలియదు. తప్పు జరిగితే మళ్లీ రప్పించి చూడలేం. చివరికి ఒప్పుకుని, ఆ చిక్కునే ఛేదించి 1959లో డాక్టరేట్ అందుకున్నాడు.

అక్కడితో కథ తీరలేదు. వోల్టేజీ మారిన క్షణమే పిలుపా, మారి నిలిచినంతసేపూ పిలుపేనా? మొదటిది ఎడ్జ్, రెండోది లెవెల్. 1981 నాటి ఐబీఎం పీసీ ఎడ్జ్‌ను నమ్ముకుంది. రెండు కార్డులు ఒకే తీగను పంచుకుంటే, ఒకటి పట్టుకుని ఉండగా రెండోది పిలిచినా కొత్త మార్పేమీ కనిపించదు. ఆ పిలుపు పోయినట్టే. అందుకే కార్డులను కలిపే పద్ధతిగా 1992లో వచ్చిన పీసీఐ లెవెల్‌కు మళ్లింది.

ఆర్మ్ చిప్‌ల వంతు వచ్చేసరికి ఒకే చిప్‌లో బోలెడు జీపీఐఓ (ఏ పనికైనా వాడుకోగల) పిన్నులు, ఒక్కోదానిదీ ఒక్కో తీరు. లినక్స్‌లో మాత్రం అన్ని పిలుపులనూ నడిపేందుకు ఒకటే ఉమ్మడి దారి ఉండేది. లినక్స్ డెవలపర్ రస్సెల్ కింగ్ ఆర్మ్ కోసం ఆ దారిని రకానికొకటిగా విడదీశాడు. ఎడ్జ్ అయితే ముందు రసీదు ఇచ్చి తర్వాత పని చేయాలి, ఈలోగా వచ్చే మరో పిలుపు పోకుండా. లెవెల్ అయితే పని అయ్యేదాకా పిన్‌ను మూసి ఉంచాలి, లేకుంటే ప్రాసెసర్ ఆ ఒక్క పిలుపు దగ్గరే చిక్కుకుపోతుంది. ఈ ఆలోచనను థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ విస్తరించి 2006లో 2.6.18 కెర్నెల్‌తో అందరికీ అందించారు.

నేడు జీపీఐఓ డ్రైవర్‌లో ట్రిగ్గర్ రకాన్ని (ఎడ్జా, లెవెలా అన్నది) నిర్ణయించే ఫంక్షన్ రెండు పనులు చేస్తుంది: చిప్ రిజిస్టర్‌ను సరిచేస్తుంది, తగిన దారిని ఎంచుకుంటుంది. రెండు దిశల మార్పులనూ ఒకేసారి పట్టలేని పాత ఐ.ఎంఎక్స్ చిప్‌లకు, ప్రతి పిలుపు తర్వాతా ఎదురు దిశకు తిప్పే ఉపాయం కనిపెట్టారు. ఏ ఉపాయానికీ లొంగని రకాన్ని అడిగితే డ్రైవర్ కుదరదని తేల్చి చెప్పాలి. ఊరికే ఒప్పుకుంటే ఆ తప్పు ఎప్పుడో, డైక్‌స్ట్రా భయపడ్డట్టే, మళ్లీ రప్పించలేని రూపంలో బయటపడుతుంది.