చలిజ్వరము – అంగడి మాత్ర

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగునని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీన. కాని రోగకారణము తెలిసినంతమాత్రాన రోగికి మందు చేరదు. ఆస్పత్రి ఆమడదూరమునను, అంగడి ఇంటిప్రక్కను ఉన్న పల్లెలో తొలి వైద్యుడు దుకాణదారుడే.

తూర్పు ఆఫ్రికాలో, కెన్యా సముద్రతీరమున కిలిఫీ అను ప్రాంతము కలదు. అక్కడివారు అంగడిని 'దుకా' అందురు; మన దుకాణమునకు అది తోబుట్టువే. బిడ్డ ఒళ్లు కాలుచుండగా తల్లి అక్కడికే పరుగెత్తును. సబ్బు, చక్కెర అమ్ము చేతితోనే దుకాణదారుడు ఒకటి రెండు మాత్రలిచ్చును. చాలని మోతాదు జ్వరమును కొంత అణచునేగాని క్రిమిని నిర్మూలింపదు.

1990ల దశకములో పరిశోధకులు ఈ దుకాణదారులను నిందింపక, వారికి శిక్షణ నిచ్చినారు. ఏ వయస్సు బిడ్డకు ఎన్ని మాత్రలు, ఎన్ని దినములు ఈయవలెనో, ఎప్పుడు ఆస్పత్రికి పంపవలెనో నేర్పినారు. ఫలితములు 1999లో వెలువడినవి. అంతకుముందు జ్వరపడిన బిడ్డలలో చాలినంత క్లోరోక్విన్ అందినది నూటికి సుమారు 4 గురికే. శిక్షణానంతరము కనీసము 65 మందికి అందినది.

క్రిములు క్లోరోక్విన్‌కు లొంగకపోవుటచే కెన్యా 1998లో దానిని విడిచి మరియొక మందును చేపట్టినది. 2004లో ఆర్టిమిసినిన్ కలిసిన మందును ఎన్నుకొన్నది. మందులు మారినవి, పాఠము మారలేదు. మందు కనిపెట్టుట ఎంత ముఖ్యమో, దానిని లెక్కించి ఇచ్చు చివరి చేతికి లెక్క నేర్పుటయు అంత ముఖ్యము.